సూది ఆగిన చోటు

ముందే చెప్పేస్తున్నాను, మా తోడికోడలంటే నాకు కుళ్ళు. కాపరానికొచ్చిన నాటి నుంచీ ఉంది. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడల్ని. ఆవిడ తెలుపు, నేను నలుపు. ఆవిడ మాట్లాడితే చెవికి చల్లగా ఉంటుంది. నా గొంతు చిన్నప్పుడు జబ్బు చేసి బొంగురుపోయింది. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్ళు "చెప్పండి బాబాయ్" అంటారు. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే పిట్టగోడ. ఆవిడ ఏ కూర వండినా ఒక గిన్నె ఆ గోడ మీంచి నాకు అందిస్తుంది. ఆ కూర నాకన్నా బాగా వండుతుంది. అదొక కుళ్ళు. ఆవిడ మొగుడు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచిన చప్పుడు నాకు వినబడుతుంది. ఆ కుళ్ళు గురించి వేరే చెప్పక్కర్లేదు.

నాకు చదువు లేదు. సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతే. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఉన్నదున్నట్టు రాయమన్నాను. నన్ను మంచిదాన్ని చేసి రాస్తే ఊరుకోనని కూడా చెప్పాను.

మా వైపు, నర్సాపురం చుట్టుపక్కల ఏ వీధికి వెళ్ళినా ఆడవాళ్ళకి లేసు పనే. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఎవరో ఒకరి అరుగు మీద చేరతాం. ఒళ్ళో దారపు ఉండ, చేతిలో కొక్కెం సూది. దారం లాగడం, ముడి వేయడం, లాగడం, ముడి వేయడం. ఈ పనికి కళ్ళు అక్కర్లేదు. టీవీలో సీరియల్ చూస్తూ, ఎవరి కోడలు ఏమందో చెప్పుకుంటూ పువ్వు మీద పువ్వు అల్లేస్తాం. నేను చంటిపిల్లకి పాలిస్తూ కూడా అల్లాను. ఆ చంటిపిల్లే ఇప్పుడు రాసేది.

అది రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది. సినిమాలూ టీవీ కార్యక్రమాలూ ఎలా తీయాలో నేర్పే చదువంట. హాస్టల్లో ఉంటుంది. శనివారం నిడదవోలులో రైలు మారి వస్తుంది, ఆదివారం సాయంత్రం వెళ్ళిపోతుంది. ఒక శనివారం వచ్చీరాగానే బ్యాగు కింద పడేసి అంది:

"అమ్మా, నేను సినిమా తీయాలి."

"ఎంత సినిమా?"

"మూడు నిమిషాలు. మొదలు ఒక్కటే. సినిమా ఎలా మొదలవుతుందో అంతవరకే."

"మరి మిగతాది ఎవరు తీస్తారే?"

"ఎవరూ తీయరమ్మా. మొదలు తీసి, జనానికి చూపించి, వాళ్ళు ఏమన్నారో అడిగి, ఏది బాగుందో ఏది బాలేదో కనుక్కుని, దాన్ని బట్టి మార్చి, అదంతా రాసి మా మేడం గారికి ఇవ్వాలి. మార్కులన్నీ ఆ రాసినదానికే."

గుమ్మం ఒక్కటే నిలబెట్టి, ఇల్లు ఎలా ఉందండీ అని ఊరంతా అడిగినట్టుంది అన్నాను. అది నవ్వి, "అంతే, గుమ్మం చూసి లోపలికి రావాలనిపించిందా లేదా, అదే అడగాలి" అంది.

ఏం తీస్తావే అంటే, నాన్న పోయిన రోజు తీస్తానంది.

ఆ రోజు సంగతి నేను దానికి ఒక్కసారే చెప్పాను. మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు చూసుకునేవారు. ఆ మధ్యాహ్నం నేను ఇదే అరుగు మీద ఒక్కదాన్నీ కూర్చుని టేబుల్ మీద పరిచే పెద్ద లేసుకి అంచు అల్లుతున్నాను. అంచు దగ్గర లెక్క తప్పితే మొత్తం విప్పాలి. చాప మీద ఫోన్ మోగింది. ఆయన బొమ్మ వచ్చింది. అన్నానికి ఆలస్యమవుతుందని చెప్పడానికే అయ్యుంటుంది, ఈ వరస అయ్యాక ఎత్తుదాంలే అనుకున్నాను. ఆగింది. మళ్ళీ మోగింది. ఇంకా వరస అవ్వలేదు. మూడోసారి కూడా ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తితే ఆయన ఫోన్లో వేరే ఎవరిదో గొంతు. మోటారు దగ్గర కరెంటు కొట్టింది. మొదటిసారి మోగేటప్పటికే ఆయన లేరని డాక్టరు గారు చెప్పారు. చెప్పారు గానీ, ఆ వరస అల్లింది నేను కదా.

ఇది నా సొంతం. ఎవరికీ ఇవ్వను. అయినా కూతురు అడిగితే కాదనలేకపోయాను.

"నువ్వే చెయ్యాలమ్మా. కూర్చుని లేసు అల్లడమే. ఫోన్ మోగుతుంది, నువ్వు ఎత్తవు. అక్కడితో అయిపోతుంది" అంది. మళ్ళీ తనే, "కాకపోతే బొట్టు పెట్టుకోవాలి. అప్పటికింకా నాన్న ఉన్నారు కదా" అంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అరుగు మీద, పదిమంది చూస్తుండగా, నేను బొట్టు పెట్టుకుని మెళ్ళో నల్లపూసలేసుకుని కూర్చోవాలా? నీకు సిగ్గులేదటే?" అని నా గొంతుకి తగ్గట్టే అరిచాను. ఈ రోజుల్లో పెట్టుకునేవాళ్ళు పెట్టుకుంటున్నారు, నాకు తెలుసు. నాకు చెయ్యి రాదు. ఒకసారి అద్దం ముందు చూపుడువేలికి కుంకుమ అద్దుకుని, గోడకి తుడిచేశాను. ఆ మరక ఇంకా ఉంది.

మర్నాడు ఆదివారం ఉదయం నేను రేషన్ బియ్యానికి వెళ్ళి వచ్చేసరికి నా అరుగు మీద, నా చాప మీద, నా నీలం చీర కట్టుకుని మా తోడికోడలు కూర్చుని ఉంది. ముఖాన ఇంత బొట్టు. అమ్మాయి ఫోన్ పట్టుకుని ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"చెల్లీ, ఏమనుకోకే, పిల్ల అడిగింది" అంది ఆవిడ.

"నేనేమనుకుంటానక్కా. చీర నలక్కుండా కూర్చో" అన్నాను.

లోపలికెళ్ళి బియ్యం డబ్బాలో పోశాను. సగం కింద పడ్డాయి.

సాయంత్రం రైలుకి వెళ్ళేముందు అమ్మాయి నన్ను గదిలో కూర్చోబెట్టి తలుపూ కిటికీ మూసి, ఫ్యాను కట్టేసి, ఫోన్ నోటి దగ్గర పెట్టింది. "అమ్మా, ఆ రోజు సంగతి నువ్వే చెప్పు. బొమ్మ పెద్దమ్మది, గొంతు నీది" అంది. చెమటలు కారిపోతుండగా చెప్పాను. ఏ దారం వాడానో, ఏ కూర వండానో, అన్నీ చెప్పాను. చెబుతుంటే ఒక సంతోషం వచ్చింది, చెడ్డ సంతోషం. ముఖం ఆవిడదైతే ఏం, కథ నాది, గొంతు నాది అనుకున్నాను.

రెండు వారాల తర్వాత తీసుకొచ్చింది. మా గదిలో టీవీకి వైరు తగిలించింది. మధ్యాహ్నం లేసుకి చేరే ఆడవాళ్ళు ఎనిమిదిమందిని లోపలికి పిలిచాం. ఇంటికి పిలిచాక ఉత్తి చేతులతో ఎలా కూర్చోబెడతాం? నేను పొద్దున్నే పప్పు రుబ్బి పెసరట్లు వేశాను, ఉప్మా చేశాను, అల్లం పచ్చడి చేశాను. అందరూ తిన్నారు, చేతులు కడుక్కున్నారు, మామూలుగానే ఒళ్ళో లేసు పెట్టుకుని కూర్చున్నారు. మా తోడికోడలు తలుపు దగ్గర ముడుచుకుని కూర్చుంది, కొత్త పెళ్ళికూతురిలాగా. అమ్మాయి అందరికీ కాగితాలు ఇచ్చింది. చదువు రానివాళ్ళ కోసం ప్రశ్న పక్కనే మూడు ముఖాలు వేసింది, నవ్వే ముఖం, ఉత్త ముఖం, ఏడ్చే ముఖం. నచ్చిన ముఖానికి టిక్కు పెట్టమంది.

సినిమా మొదలైంది. చేతులు. లేసు. వెనక నా గొంతు.

"ఎవరిదే ఆ గొంతు, మగాడు మాట్లాడుతున్నాడు?" అంది మూలనున్న ముసలావిడ.

"మా అమ్మది, అమ్మమ్మా" అంది మా అమ్మాయి.

"అవునా? బాగుందమ్మా, బాగుంది" అంది వెంటనే.

నేను టీవీ చూడలేదు. ఆవిడ ముఖం అంత పెద్దదిగా చూడడం నా వల్ల కాలేదు. నేనూ అల్లుకుంటూ మా వాళ్ళ చేతులు చూస్తూ కూర్చున్నాను. ఒక సంగతి చెబుతాను, ఇది లేసు అల్లేవాళ్ళకే తెలుస్తుంది. సీరియల్లో ఏడుపులొచ్చినా, తన్నుకున్నా మా సూదులు ఆగవు. "అయ్యో పాపం" అంటూనే అల్లుతాం. నిజంగా గుండెకి తగిలినప్పుడు మాత్రం చెయ్యి ఆగిపోతుంది. మనకి తెలీకుండా ఆగిపోతుంది. ఆ ఆగడం ఎవరూ కావాలని చేయలేరు.

నా గొంతు వస్తున్నంతసేపూ ఎనిమిది సూదులూ ఆడుతూనే ఉన్నాయి. ఒకావిడ మధ్యలో దారం తెగితే ముడివేసుకుంది కూడా. దారం సంగతి చెప్పాను, కూర సంగతి చెప్పాను, ఆడుతూనే ఉన్నాయి. తర్వాత ఫోన్ మోగింది. నా గొంతు ఆగింది. అప్పుడు నేనూ తలెత్తాను.

మా తోడికోడలు ఫోన్ వంక చూసింది. సూది రెండు పెదాల మధ్య పెట్టుకుని వేళ్ళతో కుట్లు లెక్కబెట్టింది. అది నా అలవాటు. ఆవిడకి లేదు ఆ అలవాటు. మళ్ళీ ఫోన్ వంక చూసి, మోగనీలే అన్నట్టు చిన్నగా నవ్వింది. మొగుడి మీద ధీమాతో నవ్వే నవ్వు. నవ్వి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. ఫోన్ మోగుతూనే ఉంది. తెర నల్లగా అయిపోయి, సినిమా పేరు పడింది.

చుట్టూ చూశాను. ఎనిమిది సూదులూ ఆగిపోయి ఉన్నాయి.

తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. "చాలా బాగుందే." "మా వదిన ముఖం ఎంత బాగా పడిందో." "పెసరట్లు కూడా బాగున్నాయి పిన్నీ." కాగితాల మీద అన్నీ నవ్వే ముఖాలే. ఒకావిడ మూడు ముఖాలకీ టిక్కు పెట్టింది, ఏదీ చిన్నబుచ్చుకోకూడదని.

ఆ సాయంత్రం నేను మధ్యాహ్నం అల్లిన పువ్వు తీసి నేల మీద పరిచాను. ఒక రేకు దగ్గర కుట్టు జారిపోయి కన్నం పడింది. ఇరవై ఏళ్ళలో అలాంటి కన్నం నా పనిలో ఎవరూ చూడలేదు. అంటే నేను తలెత్తినప్పుడు నా సూది కూడా ఆగింది, తొమ్మిదో సూది. ఎవరూ చూడకుండా ఆ పువ్వు మొత్తం విప్పేశాను.

వారం తిరగ్గానే అమ్మాయి వాడిపోయిన ముఖంతో వచ్చింది. మేడం గారు కాగితాలన్నీ చూసి, "అందరూ అన్నీ బాగున్నాయన్నారంటే నువ్వు ఏమీ అడగనట్టే. టిఫిన్ పెట్టావా?" అన్నారంట. పెట్టామండీ అందంట. "తిన్న నోటితో బాలేదని ఎవరంటారు? మన గోదావరి వాళ్ళని కూర్చోబెట్టి మర్యాద చేసి మరీ అభిప్రాయం అడుగుతావా? మళ్ళీ వెళ్ళు. జనం ఎక్కడ కదిలారో, ఎక్కడ విసుక్కున్నారో కనుక్కుని రా. లేకపోతే ఇది పనికిరాదు" అన్నారంట. పనికొస్తే మాత్రం కాలేజీ హాల్లో అందరికీ చూపించే నాలుగైదింటిలో దీన్నీ పెడతారంట. అమ్మాయికి ఆ హాలు కావాలి. దాని కళ్ళలో తెలుస్తోంది.

"అమ్మా, నువ్వు వాళ్ళ మధ్యే ఉన్నావు కదా. నిజం చెప్పు, ఎక్కడ బాగుంది?"

నేను సూదుల సంగతి చెప్పాను. కుట్టు ఆగడం అంటే ఏంటో చెప్పాను. వింటూ వింటూ దాని ముఖం వెలిగిపోయింది. "అమ్మా! ఇది మా క్లాసులో ఎవరికీ తట్టదు. కాగితాలెందుకు, సూదులే చాలు" అని నన్ను పట్టుకుని ఊపేసింది. నేను చెప్పింది నా కూతురు పుస్తకంలో రాసుకోవడం అదే మొదటిసారి. పెన్ను పట్టుకుని అడిగింది, "మరి ఎక్కడ ఆగాయి?"

గోడ అవతల మా తోడికోడలు పోపు పెడుతోంది. ఆ వాసన వస్తోంది.

"నేను మాట్లాడేటప్పుడు ఆగాయి" అన్నాను. "దారం గురించి చెప్పేటప్పుడు. ఫోన్ మోగాక మళ్ళీ అల్లుకున్నారు."

"పెద్దమ్మ నవ్వినప్పుడు?"

"ఏమో, ఆవిడ నవ్వు ఎవరూ పట్టించుకోలేదు."

రాసుకుంది. నా కూతురు నా మాట నమ్మి రాసుకుంది.

రెండోసారి సినిమా మార్చుకుని వచ్చింది. నా గొంతు పెంచింది, ఫోన్ మోగుతున్నా నేనే మాట్లాడుతూ ఉంటాను. మా తోడికోడలి ముఖం కనబడీ కనబడనట్టు వచ్చి పోతుంది. నవ్వు తీసేసింది. చూసినవాళ్ళకే చూపిస్తే లాభం లేదని ఈసారి వెనక వీధి వాళ్ళని ఏడుగుర్ని పిలిచాం. మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వొద్దంది. నాకు తలకొట్టేసినట్టయింది గానీ ఊరుకున్నాను. ఇంకొకటి కూడా చేసింది. టీవీ కింద తన ఫోన్ నిలబెట్టి, అందరి చేతులూ వీడియో తీసింది. సూదులు ఎక్కడ ఆగాయో తానే చూసుకుంటానంది.

మూడు నిమిషాలూ నా గొంతే. నాకే విసుగొచ్చింది. దారం, కూర, వరస, మళ్ళీ దారం. మొదట్లో ముచ్చటగా ఉన్న మాటలు ఈసారి పక్కింటావిడ పోరులాగా ఉన్నాయి. ఒకావిడ పక్కావిణ్ణి "మీకు లేసు ఏజెంటు ఈ నెల రంగు దారం ఇచ్చాడా?" అని అడిగింది. ఏడుగురిలో ఒక్క సూది కూడా ఆగలేదు. అయిపోయాక ఒకావిడ మొహమాటపడుతూ, "బాగుందమ్మా. ఇంతకీ ఆవిడ మొగుడి ఫోన్ ఎత్తిందా లేదా? సరిగ్గా తెలీలేదు" అంది.

వాళ్ళు వెళ్ళాక అమ్మాయి ఆ వీడియో మూడుసార్లు తిప్పి తిప్పి చూసింది. "అప్పుడు నీ గొంతుకి ఆగినవి ఇప్పుడెందుకు ఆగలేదమ్మా? ఎక్కడ పొరపాటు చేశాను?" అంది. నన్ను అనుమానించి అడగలేదు. తన పనిలో తప్పు వెతుక్కుంటోంది. ఆ పిల్ల అలా వెతుక్కుంటుంటే చూడలేక పెరట్లోకి వెళ్ళాను.

గోడ అవతల మా తోడికోడలు బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి, "ఎలా వచ్చిందే ఈసారి? నన్ను తీసేసిందంటగా, మంచిపని చేసింది. నాకు నటించడం వచ్చా పాడా" అంది. నవ్వుతూనే అంది. లోపల బాధపడిందని నాకు తెలుస్తోంది. అది తెలిసి నాకు కాస్త చల్లగా అనిపించింది కూడా. అయినా అడక్కుండా ఉండలేకపోయాను.

"నువ్వు ఆ రోజు ఎందుకు నవ్వావక్కా? నవ్వమని పిల్ల చెప్పిందా?"

"లేదే. నువ్వు నవ్వావు కదా, నేనూ నవ్వాను."

"నేనెప్పుడు నవ్వాను?"

ఆవిడ తడిబట్ట చేతిలో పట్టుకునే నిలబడింది. "మరిది గారు పోయిన రోజే. నీ ఫోన్ మోగుతుంటే గోడ మీంచి చూశాను, ఇంట్లో ఉన్నావో లేదో అని. సూది నోట్లో పెట్టుకుని ఫోన్ వంక చూసి నవ్వావు. మొగుణ్ణి కాసేపు ఏడిపిద్దామని నవ్వుతోందిలే అనుకుని నేను లోపలికెళ్ళిపోయాను. అప్పుడే పిలిచి ఎత్తవే అని ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను."

నాకు ఆ నవ్వు గుర్తులేదు. వరస గుర్తుంది, దారం గుర్తుంది, ఎత్తకపోవడం గుర్తుంది. నవ్వానని తెలీదు. ఆయన ఉన్నారనుకుని నేను నవ్విన ఆఖరి నవ్వు ఇన్నేళ్ళూ ఆవిడ దగ్గర ఉంది. నా దగ్గర లేదు. ఇంతకన్నా కుళ్ళు ఏముంటుంది చెప్పండి? ఆవిడ మెడలో నల్లపూసలు చూసి కూడా నేను అంత ఏడవలేదు.

లోపలికెళ్ళి అమ్మాయి ముందు కూర్చున్నాను.

"నీ పనిలో పొరపాటు లేదే. నేను అబద్ధం చెప్పాను" అన్నాను. "నేను మాట్లాడినంతసేపూ ఒక్క సూదీ ఆగలేదు. పెద్దమ్మ నవ్వినప్పుడు ఎనిమిదీ ఆగాయి."

"ఎందుకమ్మా?" అంది అది.

"ఎందుకేంటి, కుళ్ళు" అన్నాను. "తొమ్మిది ఆగాయి. నాది కూడా."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పుస్తకం తీసి రాసినదంతా అడ్డంగా కొట్టేసింది, పెన్ను కాగితంలోకి దిగేలా. ఆ సాయంత్రం నాతో మాట్లాడకుండానే రైలెక్కింది. ఆ వారమంతా ఫోన్ చేయలేదు. నేను చేసినా మోగి మోగి ఆగిపోయేది. ఏ వరస అల్లుకుంటోందో అనుకుని నేనూ ఊరుకున్నాను. మోగే ఫోన్ ఎత్తకపోతే అవతలివాళ్ళకి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

శనివారం వచ్చింది. ముభావంగానే అంది, "పెద్దమ్మ నవ్వు మళ్ళీ పెట్టాను. నీ గొంతు మొత్తం తీసేశాను. ఒక్క మాట కావాలి. ఫోన్ మోగేముందు ఒకే ఒక్క మాట. ఏం చెబుతావో నువ్వే చెప్పు."

ఆలోచించి చెప్పాను. "ఈ వరస అయ్యాక ఎత్తుతాను."

"అదే" అంది. వెంటనే ఫోన్లో చెప్పించింది, ఒక్కసారికే సరిపోయింది. "నీ గొంతు ఆగాక వచ్చే నిశ్శబ్దంలోనే అమ్మా ఆ నవ్వు నిలబడేది. నీ గొంతు లేకపోతే నిలబడదు" అంది కూడా. అది నన్ను ఊరుకోబెట్టడానికి అందో నిజమే అందో నాకు తెలీదు. మా వైపు పిల్ల కదా, తిన్న నోటితో బాలేదనదు.

మేడం గారికి ఇచ్చిన కాగితాల్లో జరిగిందంతా రాసింది. నాకు చదివి వినిపించింది. మొదటిసారి టిఫిన్ పెట్టడం తన తప్పని రాసింది. రెండోసారి, ఒక ప్రేక్షకురాలు తనకి కావలసినట్టు చెప్పిందని, ఒక్కరి మాట మీదే సినిమా మార్చడం తన తప్పని రాసింది.

"ఆ ప్రేక్షకురాలు నేనేనా?" అన్నాను.

"నువ్వే. అమ్మ అని రాయనా?"

"వద్దులే" అన్నాను.

దాన్ని హాల్లో చూపించేవాటిలో తీసుకున్నారు. మా తోడికోడలూ నేనూ పొద్దున్న రైలుకి రాజమండ్రి వెళ్ళాం. ఆవిడ పట్టుచీర కట్టుకుంది. నేను ఇస్త్రీ చీర కట్టుకున్నాను. అంతా కాలేజీ పిల్లలు. చేతుల్లో సూదులు లేవు, ఫోన్లున్నాయి. సినిమాలు వేస్తున్నా బొటనవేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. మా సినిమా వచ్చింది. చేతులు, లేసు. "ఈ వరస అయ్యాక ఎత్తుతాను" అని నా గొంతు హాలంతా పలికింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను పళ్ళు బిగబట్టాను. ఫోన్ మోగింది. ఆవిడ చూసింది, సూది పెదాల మధ్య పెట్టింది, నవ్వింది. నేను తెర చూడకుండా బొటనవేళ్ళు చూద్దామనుకున్నాను. చూడలేకపోయాను. తెర మీద నా నవ్వు ఉంది. దాన్నే చూశాను.

పేరు పడ్డాక మా తోడికోడలు నా మోచెయ్యి పట్టుకుంది. "ఎలా చేశానే? నిజం చెప్పు, బాగుందనకు" అంది.

ఇరవై ఏళ్ళుగా ఆవిడ కూర తిని గిన్నె కడిగి ఇస్తూ నేను "బాగుందక్కా" తప్ప ఏమీ అనలేదు. ఆ రెండు మాటలూ లోపలి నుంచి ఎప్పుడూ అనలేదు.

"అక్కడ నా సూది ఆగిపోయిందక్కా" అన్నాను. "మొదటిసారే ఆగిపోయింది. కుట్టు జారి కన్నం పడితే పువ్వంతా విప్పుకున్నాను."

లేసు అల్లే మనిషికి ఆ మాట చాలు. ఆవిడ ముఖం ఇంతైంది. కొంగుతో కళ్ళొత్తుకుంది. దారి పొడుగునా, నిడదవోలులో రైలు మారేటప్పుడు కూడా, ఎవరో తెలీనివాళ్ళతో, "మా చెల్లి సూది ఆగిపోయిందండీ నన్ను చూసి" అని చెప్పుకుంది. ఆవిడ అలా పొంగిపోతుంటే పక్కన కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అయినా నేను చెప్పింది మాత్రం నిజం.